నాన్న వేసిన విండోస్

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మేమున్న టౌన్‌హౌస్‌లో, హాలు మూలన ఒక బల్ల మీద మా ఆయన లాప్‌టాప్ ఉండేది. ఆఫీసు లాప్‌టాప్ ఆయన భుజాన వేసుకుని వెళ్లిపోతే ఇంట్లో మిగిలే కంప్యూటర్ అదొక్కటే. 2010 ప్రాంతం. నా చేతిలో ఉన్న ఫోన్ మాట్లాడటానికి తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు.

ఆ శుక్రవారం పొద్దున పాపను ప్రీస్కూల్లో దింపి, అక్కడే కాసేపు టీచర్లకు సాయం చేసి ఇంటికొచ్చేసరికి నాన్న ఆ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పై అధికారి గదిలోకి పిలిచినప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. తెర మీద పచ్చటి కొండ, దాని పైన నీలాకాశం, తెల్లటి మబ్బులు.

ఆ కొండ నాకు బాగా తెలుసు. ఎంసీఏ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ అదే కొండ. విండోస్ ఎక్స్‌పీ. కానీ మా లాప్‌టాప్‌లో ఉండాల్సింది విండోస్ సెవెన్. తెర మీద ఉండాల్సింది మొహం నిండా కేకు పూసుకున్న మా పాప ఫొటో.

"ఇదేంటి నాన్నా?" అన్నాను.

"ఏం కాలేదు బిడ్డా," అన్నాడు.

ఏమీ కానప్పుడు ఎవరూ ఆ మాట అనరు.

ఇక్కడ మా నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఖమ్మంలో రెవెన్యూ ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఆ తర్వాత పెన్షనర్ల సంఘానికి కార్యదర్శి. నెలనెలా సంఘం తరఫున ఒక బులెటిన్ వెళ్తుంది. డీఏ ఎంత పెరిగింది, లైఫ్ సర్టిఫికెట్ ఎప్పట్లోగా ఇవ్వాలి, సభ్యుల్లో ఎవరు కాలం చేశారు, ఎవరి మనవరాలికి సీటొచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. రాసేదీ ఆయనే, టైపు చేసేదీ ఆయనే. అమ్మ పోయాక ఆయనకు పొద్దుగడిచేది ఆ బులెటిన్‌తోనే. మా దగ్గరికి ఆరు నెలలకని వస్తూ కూడా ఆ పని ఇంకొకరి చేతిలో పెట్టలేదు. అమెరికా నుంచే పంపిస్తానని సంఘానికి మాటిచ్చి, డీటీపీ షాపతను ఇచ్చిన రెండు సీడీలు చొక్కాల మధ్య పెట్టుకుని విమానమెక్కాడు. ఒక సీడీలో తెలుగు టైపు ప్రోగ్రామ్. అందులో అక్షరాలు పాత టైపు మిషన్ మీద ఎక్కడుండేవో అక్కడే ఉంటాయి. మా నాన్న వేళ్లకు వేరే దారి తెలియదు. రెండో సీడీ ఎక్స్‌పీ. అక్కడ కొత్త విండోస్ ఉంటే ఈ ప్రోగ్రామ్ నడవదు సార్, పక్కన ఎక్స్‌పీ కూడా వేసుకోండి అని షాపతను చెప్పి పంపాడట.

అతను చెప్పినట్టే అయింది. సెవెన్‌లో ఆ ప్రోగ్రామ్ పెడితే అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు వచ్చాయి. మా ఆయన చూసి, వీకెండ్ చూద్దాం మామయ్యా అన్నాడు. వీకెండ్లు వచ్చాయి, పోయాయి. సరుకులు, బర్త్‌డే పార్టీలు, లాన్‌లో గడ్డి కోయడం. నాన్న రెండోసారి అడగలేదు.

అడగడు కూడా. కూతురింట్లో తండ్రి ఎట్లా మసలుకోవాలో ఆయనకు కొన్ని నియమాలున్నాయి. తన సబ్బు, తన టవలు, గడ్డం గీసుకునే అద్దం ఖమ్మం నుంచే తెచ్చుకున్నాడు. స్నానమయ్యాక సబ్బుపెట్టె తుడిచి మళ్లీ తన గదిలోకి పట్టుకెళ్లేవాడు, లాడ్జిలో దిగినవాడిలా. సోఫాలో వీపు ఆనించకుండా అంచున కూర్చునేవాడు. మా ఆయన్ని "అల్లుడుగారూ, మీరు" అనేవాడు. పెడితే తింటాడు, పెట్టకపోతే ఆకలి లేదంటాడు. మా తాత అయితే మనవరాలు పుట్టేదాకా కూతురింట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదని నాన్న అదేదో ఘనకార్యంలా చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. మా ఆయన ఏమైనా పరాయివాడా, అడిగితే కాదంటాడా అని గొడవపడేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఆ శుక్రవారానికి ముందు రోజు ఖమ్మం నుంచి సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. బులెటిన్ ఏదండీ, సభ్యులు అడుగుతున్నారు అన్నాడట. ఇక నాన్నకు నిద్ర పట్టలేదు. షాపులో కూర్చుని విండోస్ వేయడం ఎన్నోసార్లు చూశాడు కదా, అల్లుణ్ణి అడగడం కన్నా అదే తేలికనిపించింది. మేం ముగ్గురం అలా బయటికెళ్లగానే ఆ సీడీ ఇలా లోపల పెట్టాడు.

"మరి సెవెన్ ఏదీ?" అన్నాను.

"అదే కనపడట్లేదు. ఎన్నిసార్లు ఆపి వేసినా ఇదే వస్తుంది."

నేనూ ఆపి వేశాను. నల్ల తెర, ఆ వెంటనే ఎక్స్‌పీ. ఏ విండోస్ కావాలని అడగను కూడా అడగలేదు. ఎంసీఏలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. రెండు విండోస్‌లు పెట్టుకోవాలంటే ముందు పాతది వేయాలి, తర్వాత కొత్తది. పాతది వెనకొస్తే, అది కంప్యూటర్ లేవగానే పనిచేసే చోట తన మనిషిని కూర్చోబెడుతుంది. ఆ మనిషికి కొత్త విండోస్ ఒకటుందనే తెలియదు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఇమడ్చవచ్చు, కానీ వరస తప్పితే మొదటి కత్తి కనపడకుండా పోతుంది.

"ఏ డ్రైవ్‌లో వేశావు నాన్నా?"

"సీ అల్లుడుగారిది. దాన్ని ముట్టలేదమ్మా. మనవి డీలో కదా వేసుకోవాలి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మన దగ్గర కంప్యూటర్ కొంటే షాపువాడే డిస్కును సీ, డీ, ఈ అని ముక్కలు చేసి ఇస్తాడు. సీలో విండోస్, డీలో మన వస్తువులు. వైరస్ పడితే సీని తుడిచేసి విండోస్ మళ్లీ వేస్తారు, డీ జోలికి పోరు. అమెరికాలో లాప్‌టాప్‌కి ఈ ముక్కల గోల లేదు. కానీ మా ఆయన అమీర్‌పేట కంప్యూటర్ కోచింగుల్లో తయారైన మనిషి. కొన్న రోజే దాన్ని రెండుగా కోసి ఒక డీ సృష్టించాడు. పాప పుట్టినప్పటి నుంచి తీసిన ప్రతి ఫొటో, ప్రతి వీడియో ఆ డీలోనే పెట్టాడు. కెమెరా కార్డు నిండినప్పుడల్లా అందులోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసేవాళ్లం. ఇంకో కాపీ ఎక్కడా లేదు. ఖమ్మంలో నేర్చుకున్న పద్ధతీ, అమీర్‌పేటలో నేర్చుకున్న పద్ధతీ ఒకటే కావడం వల్ల ఇద్దరూ ఒకే చోటికి వచ్చి చేరారు.

"ఫార్మాట్ చేయమంటావా అని అడిగిందా?"

"అడిగింది."

"చేశావా?"

నాన్న ఆ తెర మీద ఏమేం ఉందో గుర్తు చేసుకుంటున్నాడు.

"నాలుగైదు వరసలు ఉన్నయి. అన్నీ చదివిన. అన్నిటికన్నా కింద, ఉన్నది ఉన్నట్టే ఉంచు, మార్పు చేయకు అని ఒకటుంది. అది నొక్కిన," అన్నాడు. "ఇంకొకరి ఫైల్లో మన కాగితం పెట్టొచ్చు గానీ, అందులో ఉన్న కాగితం తీయకూడదు కదా."

డీ తెరిచి చూశాను. ఎక్స్‌పీ తాలూకు ఫోల్డర్ల పక్కనే, పాప పేరుతో ఉన్న ఫోల్డర్ చెక్కుచెదరకుండా ఉంది. ఒక ఫొటో తెరిచాను, ఇంకోటి తెరిచాను. అన్నీ వస్తున్నాయి. రెవెన్యూ ఆఫీసు క్రమశిక్షణకు ఆ రోజు పెట్టిన దణ్ణం నేను ఏ దేవుడికీ పెట్టలేదు. సీలోకి వెళ్లి చూస్తే సెవెన్ కూడా అక్కడే ఉంది. ఇల్లు నిలబడే ఉంది, లోపలికి పోయే తలుపే పోయింది.

తలుపు మాత్రమే కదా అని మా ఆయన వచ్చేదాకా ఆగొచ్చు. ఏ ఇంట్లోనైనా అంతే చేస్తారు. కానీ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నా పెళ్లి తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారనుకుంటాను.

"అల్లుడుగారికి తెలియొద్దు బిడ్డా. చెప్పకుండా ఆయన వస్తువు ముట్టిన. సాయంత్రం వియ్యంకులు కూడా ఉంటారు."

అదీ అసలు సంగతి. ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఈ లాప్‌టాప్ తెరిచి గుంటూరులో ఉన్న మా అత్తమామలతో వీడియోలో మాట్లాడతాడు. అక్కడ శనివారం పొద్దున. వాళ్లు కాఫీలు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఎదురు చూస్తుంటారు. ఈ పూట కాల్ వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని అడుగుతారు. మా ఆయన దాచుకునే మనిషి కాదు, మామయ్య కంప్యూటర్‌లో ఏదో చేశారని నవ్వుతూనే చెప్పేస్తాడు. వాళ్లూ నవ్వుతారు. అందులో ఎవరి తప్పూ ఉండదు. కానీ ఆ నవ్వు తర్వాత మా నాన్న మిగిలిన నెలలు ఈ ఇంట్లో ఉండడు. ఏదో వంక పెట్టి టికెట్ ముందుకు జరిపించుకుంటాడు. ఆయన సంగతి నాకు తెలుసు. అమ్మ లేని ఇంటికి ఆయన్ని అలా తల వంచుకుని పంపడం నా వల్ల కాదు.

కాబట్టి సాయంత్రంలోగా సెవెన్ రావాలి. నేను తేవాలి. ఎంసీఏ పట్టా పోపులపెట్టె పక్కన పడేసి అన్నేళ్లయిన నేను.

మళ్లీ ఆపి వేశాను. మొదటి నల్ల తెర మీద కింద చిన్న అక్షరాలు మెరిశాయి. నాన్న వంగి చూసి, రికవరీకి ఈ బటన్ నొక్కమంటోంది, నొక్కనా అని వేలు చాచాడు. నేను ఒక్క అరుపు అరిచాను. ఆ బటన్ లాప్‌టాప్‌ను కొన్ననాటి స్థితికి తీసుకెళ్తుంది. అంటే అన్నీ తుడిచేసి. నాన్న వేలు వెనక్కి తీసుకుని, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని దూరంగా జరిగాడు. అంత గట్టిగా అరవకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ అప్పుడు సారీ చెప్పే ఓపిక కూడా లేదు.

ఎక్స్‌పీకి మా వైఫై కనపడలేదు. ఇంటర్నెట్ లేదు, సెవెన్ డీవీడీ మా ఆయన కారులో పాటల సీడీల మధ్య ఉంది, కారు ఆఫీసు పార్కింగ్‌లో ఉంది. ఆయన్ని అడిగితే ఎందుకంటాడు. కుడితిలో పడ్డ ఎలుకలా హాల్లో అటూ ఇటూ తిరిగాను. చివరికి మా వరసలోనే చివరింట్లో ఉండే అక్క గుర్తొచ్చింది. వాళ్లదీ విజయవాడ వైపే. మంచి మనిషి, కానీ ఆవిడకు పొద్దున చెప్పింది సాయంత్రానికి బ్యాడ్మింటన్ బ్యాచ్ అందరికీ తెలుస్తుంది.

లాప్‌టాప్ స్లో అయిందక్కా, రిపేర్ డిస్క్ ఒకటి చేసుకుందామని అన్నాను. సెవెన్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ఆ డిస్క్ తయారుచేసుకోవచ్చని ఎప్పుడో చదివిన గుర్తు. ఆవిడ ఖాళీ సీడీ ఇచ్చి, ఉప్మా పెట్టి, అసలేమైందో చెప్పమంది. స్లో అంటే ఎట్లా స్లో అంది. వాళ్లాయన్ని సాయంత్రం పంపిస్తానని, ఐదు నిమిషాల్లో చూసేస్తాడని అంది. ఆ మాటకు ఉప్మా గొంతులో అడ్డం పడింది. వద్దక్కా, మా ఆయనకు తన వస్తువు వేరేవాళ్లు ముట్టుకుంటే నచ్చదు అన్నాను. మా ఆయన మీద అంత పెద్ద అబద్ధం నేను ఎప్పుడూ ఆడలేదు. డిస్క్ తయారవుతుంటే ఆవిడ ఇంటర్నెట్‌లోనే వెతికి, కొట్టాల్సిన కమాండ్లు కిరాణా కూపన్ల వెనక రాసుకున్నాను.

ఇంటికొచ్చి డిస్క్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ పచ్చటి కొండే వచ్చింది. డిస్క్ పాడైందేమో, ఇక అంతే అనుకున్నాను. మళ్లీ వేస్తే నాన్నే దూరం నుంచి చూసి చెప్పాడు, సీడీ నుంచి మొదలవ్వాలంటే ఏదో ఒక బటన్ నొక్కమని ఒక వరస వచ్చిపోతోందని. ఈసారి ఆ వరస కోసం కాపు కాసి నొక్కాను. డిస్క్ తిరిగింది. దానంతట అదే బాగుచేసుకుంటానంటే చేసుకోమన్నాను. చాలాసేపు వెతికి వెతికి, నీ కంప్యూటర్‌కి ఏ సమస్యా లేదని తేల్చింది. అచ్చం మా నాన్నలాగే, ఏం కాలేదు బిడ్డా అన్నట్టు.

ఇక మిగిలింది ఆ నల్ల కిటికీ, అందులో కమాండ్లు. కూపన్ల కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి కొట్టాను. మొదటి కమాండ్ డిస్కు మొదట్లో ఎక్స్‌పీ రాసినదాన్ని చెరిపి సెవెన్ తాలూకుది రాస్తుంది. రెండోది సీకి కూడా అదే చేస్తుంది. ఒక అక్షరం తప్పు పడితే ఏమవుతుందో ఆ వెబ్‌సైట్‌లో ఎవరో రాశారు, చదివాక నాకు అన్నీ తప్పులుగానే కనపడుతున్నాయి. నాన్నను పిలిచి చదవమన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ప్రూఫ్ దిద్దినట్టు వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, సరిపోయింది అన్నాడు. ఎంటర్ కొట్టాను. పని పూర్తయిందని వచ్చింది. రెండోదీ అంతే.

డిస్క్ తీసేసి ఆన్ చేశాను. నల్ల తెర మీద నాలుగు రంగుల వెలుగు ముక్కలు ఎక్కడినుంచో ఎగురుకుంటూ వచ్చి కలుసుకున్నాయి. తర్వాత కేకు పూసుకున్న మా పాప. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. నాన్న నీళ్లు తెచ్చిచ్చాడు.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఇప్పుడు ఎక్స్‌పీ కనపడదు. అది డీలో ఉంది, నాన్న అందులో పొద్దున మొదలుపెట్టిన బులెటిన్ కూడా ఉంది, కానీ లాప్‌టాప్ నేరుగా సెవెన్‌లోకే వెళ్తుంది. రెండూ అడిగే మెనూ కావాలంటే ఇంకొన్ని కమాండ్లు కొట్టాలి. కొడితే లాప్‌టాప్ వేసినప్పుడల్లా ఆ మెనూ వస్తుంది. సెవెన్ అని ఒక వరస, పాత విండోస్ అని ఒక వరస. అది చూస్తే మా ఆయనకు అంతా తెలిసిపోతుంది. దాచాలంటే నాన్న విండోస్ పోవాలి, అది ఉండాలంటే సంగతి బయటపడాలి.

"వదిలెయ్ బిడ్డా. ఇక ముట్టకు," అన్నాడు నాన్న. సీడీలు రెండూ తీసుకుని గదిలోకి వెళ్లాడు.

సరే, పీడా పోయిందనుకుని, పాపను ప్రీస్కూల్ నుంచి తెచ్చి అన్నం వండటం మొదలుపెట్టాను. నాన్న గది తలుపు తీసే ఉంది. మంచం మీద సూట్‌కేస్ తెరిచి, సీడీలు చొక్కాల మధ్య పెట్టి, ఆ చొక్కాలను మళ్లీ సర్దుతున్నాడు. సర్దాల్సిన అవసరమే లేదు, అవి ఎప్పుడూ సర్దే ఉంటాయి. ఇండియాకు ఫోన్ చేసే కార్డు మీద నంబర్లు గీకుతూ, సంఘానికి ఇక పంపలేనని ఎట్లా చెప్పాలో అభ్యాసం చేస్తున్నట్టు పెదాలు కదుపుతున్నాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాన్న నియమాల మీద, మా ఆయన వీకెండ్ల మీద, నా మీద. పొయ్యి ఆపేసి మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆ కమాండ్లు మొదటివాటి కన్నా పొడుగు. ఎక్స్‌పీ ఎక్కడుందో చెప్పమన్నచోట డీ అని కొట్టాను. ఆపి వేస్తే మెనూ వచ్చింది, పాత విండోస్ ఎంచుకుంటే ఫైలు దొరకలేదని నల్ల తెర. బాగైనదాన్ని మళ్లీ పాడుచేశానా అని భయపడి సెవెన్ ఎంచుకుంటే అది వచ్చింది. అప్పుడు వెలిగింది. ఎక్స్‌పీ ఉన్నది డీలో, కానీ దాని తాళంచెవి మాత్రం సీలో పెట్టుకుంది. డీ చెరిపి సీ అని కొట్టాను. పచ్చటి కొండ వచ్చింది. నాన్నను పిలవలేదు. ఆయనే తన గది గుమ్మంలోంచి చూస్తున్నాడు.

మెనూ ఎంతసేపు నిలబడాలో కూడా మనమే చెప్పొచ్చు. దాన్ని రెప్పపాటుకు తగ్గించేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. బ్యాగు పడేసి, లాప్‌టాప్ బటన్ నొక్కి, చేతులు కడుక్కోవడానికి వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. నేను టీ కప్పు పట్టుకుని ఆయనకూ తెరకూ మధ్య దూరాను. నా వెనక మెనూ వచ్చిందో, వెళ్లిందో నాకే తెలియదు. ఆయన కప్పు అందుకుని నా మొహంలోకి చూశాడు. సెవెన్ పాట వినపడ్డాక పక్కకు జరిగాను. గుంటూరు కాల్ కలిసింది. మా మామగారు నాన్నను పిలిచి, ఏమండీ బావగారూ, చలి ఎట్లా ఉంది అని అడిగారు. నాన్న అవసరం లేనంత గట్టిగా నవ్వి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. భోజనాల దగ్గర పాప, "తాత స్క్రీన్ బ్లాక్ అయింది డాడీ," అని మొదలుపెట్టింది. ముందు రోజు రాత్రి మిగిలిన గులాబ్‌జామ్ ఒకటి దాని నోట్లో పెట్టాను.

ఆ వారమంతా మేం పగలు దొంగల్లా బతికాం. మా ఆయన వెళ్లగానే నాన్న లాప్‌టాప్ ఆన్ చేసి, కింది బాణం మీద వేలు పెట్టుకుని మెనూ కోసం కాచుకునేవాడు. కళ్లజోడు పెట్టుకునేలోగా అది జారిపోయి సెవెన్ వచ్చేది. మళ్లీ ఆపడం, మళ్లీ వేయడం. కారు శబ్దమైతే చాలు, ఇద్దరం ఉలిక్కిపడేవాళ్లం. బులెటిన్ మాత్రం పూర్తయి ఖమ్మం వెళ్లింది.

తర్వాత ఒక పొద్దున నాన్న నన్ను పిలిచాడు. గొంతులో తేడా వినపడి, మళ్లీ ఏం పోయిందో అనుకుంటూ పరుగెత్తాను. నల్ల తెర మీద మెనూ ఉంది. పాత విండోస్ అన్న వరస లేదు. దాని బదులు పైన, ఇంగ్లీషు అక్షరాల్లో, "మామయ్యగారి విండోస్" అని ఉంది. దాని కింద "అల్లుడి విండోస్". అడుగున తగ్గుతూ వచ్చే అంకె ఎంత పెద్దదంటే, నాన్న లేచి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని, పంచె చెంగుతో తుడుచుకుని, పెట్టుకుని చూసినా ఇంకా బోలెడు మిగిలింది.

ఎప్పుడు చూశావని మా ఆయనకు ఫోన్ చేసి అడిగాను. "నువ్వు టీ తెచ్చి చేతికిచ్చినప్పుడే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడైనా తెచ్చావా?" అన్నాడు. మరి అప్పుడే ఎందుకు అనలేదంటే, మామయ్య ఇబ్బంది పడతారని అన్నాడు. వారమంతా నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగితే, ఈయన ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాడట. ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేయాలనిపించింది.

నాన్న ఆ తెర ముందు నుంచి కదల్లేదు. "నా పేరు పైన పెట్టిండ్రేంది?" అన్నాడు. "ఇల్లు ఆయనది. ఆయన పేరు పైనుండాలె. మార్చు బిడ్డా."

"నేను ముట్టుకోను. ఒక్కసారికే నా ఆయుష్షు సగం పోయింది. కావాలంటే నువ్వే అడుగు," అన్నాను.

అడగడనుకున్నాను. మధ్యాహ్నమంతా తన గదిలోనే ఉన్నాడు. సాయంత్రం గరాజ్ తలుపు చప్పుడు కాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకోబోయి మానేశాడు. మా ఆయన ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

"అల్లుడుగారూ, మీతో ఒక పనుంది," అన్నాడు నాన్న.

మా ఆయన ఒక బూటుతోనే ఆగిపోయాడు. మెనూలో పేర్లు పైది కిందికి, కిందిది పైకి మార్చాలన్న సంగతి నాన్న అర్జీ చదివినట్టు మొత్తం చెప్పాడు. మా ఆయన ఓపిగ్గా విని, అదెంత పని మామయ్యా, నేర్పిస్తాను, మీరే మార్చండి అన్నాడు. లాప్‌టాప్ పట్టుకుని సోఫాలో కూర్చుని పక్కకు జరిగాడు. నాన్న వెళ్లి పక్కన కూర్చున్నాడు.

నేను చపాతీలు చేసి పిలిచాను. వస్తున్నాం అన్నారు ఇద్దరూ. ఎవరూ రాలేదు. నాన్న ఏదో కొడుతున్నాడు, మా ఆయన బ్రాకెట్ మర్చిపోయారంటున్నాడు, లేదు అల్లుడూ చూడు, అక్కడే ఉందని నాన్న తెర మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఇంకోసారి పిలుద్దామని హాల్లోకి వచ్చాను. నాన్న వీపు సోఫాకి ఆనుకుని ఉంది. వెనక్కి వెళ్లి చపాతీల మీద మూత పెట్టాను.